తెలిసిన మాటతోనే చిక్కు

మా విద్యార్థి ఒకడు అప్పుపత్రం ఒకటి పట్టుకొని మా వద్దకు వచ్చాడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు నేర్చినవాడు. ఇద్దరు మిత్రులతో కలిసి అరవై వేలు అప్పు తీసుకున్నాడు. ముగ్గురూ 'జాయింట్లీ అండ్ సెవరల్లీ' బాధ్యులని పత్రంలో ఉంది. 'సెవరల్' అంటే పలువురు కదా, తలా ఇరవై వేలు కడితే సరి అనుకొని సంతకం చేశాడు. మిత్రులిద్దరూ ముఖం చాటేశారు. మొత్తం అరవై వేలకూ ఇతనికే నోటీసు వచ్చింది.

'సెవరల్' అన్న మాటకు తొలి అర్థం 'వేరువేరు'. 'సెపరేట్'కు అది చుట్టమే. వాడుకలో 'పలు' అనే అర్థం స్థిరపడినా, న్యాయభాష పాత అర్థాన్ని విడువలేదు. కనుక ఆ వాక్యానికి తెలుగు 'ఉమ్మడిగానూ, విడివిడిగానూ' అని. అంటే ఒక్కొక్కరూ మొత్తం బాకీకి బాధ్యులే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, ఉమ్మడిగా మాట ఇచ్చినవారిలో ఎవరినైనా పూర్తిగా చెల్లించమని అడగవచ్చు. చెల్లించినవాడు తక్కినవారి వాటాలు రాబట్టుకోవచ్చు. ఆ తంటా మాత్రం అతనిదే.

'హియరిన్ఆఫ్టర్' వంటి మాటలకు విద్యార్థులు జంకుతారు. అవి నిరపాయమైనవి, నిఘంటువు చూస్తే తీరిపోతుంది. తెలిసినట్టే కనిపించే మాటను ఎవరూ నిఘంటువులో వెదకరు. 'కన్సిడరేషన్' అంటే దయతో ఆలోచించడం కాదు, ప్రతిఫలం. దస్తావేజును 'ఎగ్జిక్యూట్' చేయడమంటే సంతకం చేసి రాసి ఇవ్వడం. పిటిషను చివర 'ప్రేయర్' దేవుడికి కాదు, కోర్టును కోరే ఉపశమనం.

ఈ చిక్కు ఇంగ్లీషుకే పరిమితం కాదు. అరబ్బీలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, హిందీలోనూ అంతే. తెలుగులో 'ముద్దాయి' నేరం మోపబడినవాడు! షోలాపూరులో హిందీ, తెలుగు రెండూ చదివే మన పిల్లలు ఇక్కడ తడబడితే తప్పు పట్టలేం.

చట్టాల్లో తొలి సెక్షన్లలోనే సాధారణంగా నిర్వచనాలుంటాయి. కాంట్రాక్టు చట్టంలో 'కన్సిడరేషన్' రెండవ సెక్షనులోనే ఉంది. ముందు ఆ పుట చదవండి. ఒప్పందాల్లో అయితే, తెలిసిన మాట వాక్యంలో కొంచెం ఎబ్బెట్టుగా తగిలినచోట ఆగి, ఆ వృత్తిలోని వారినే అడగండి. మమ్మల్ని అడిగితే వ్యుత్పత్తి చెప్పగలం గాని, వకీలు చెప్పేది చెప్పలేం.

మా విద్యార్థికి ఒక మిత్రుని వాటా వసూలైంది. రెండవవాడు ఊరు మారాడు.