యూరప్ ట్రిప్పు అకామా తేదీ దగ్గర మొదలవుతుంది

ఫహాహీల్ నుంచి ఒక అన్న పంపిన వాయిస్ మెసేజ్ ఈ ఎపిసోడ్ మొదట్లోనే విన్నారు కదా. రిఫైనరీ కాంట్రాక్టులో పని, భార్యాపిల్లలు ఇక్కడే. పెద్దమ్మాయికి తొమ్మిదేళ్ళు, చిన్నోడికి నాలుగు. ఏటా సెలవులకి కడపకే పోతారు. ఈసారి ఈఫిల్ టవర్ చూపిస్తానని పిల్లలకి మాటిచ్చేశాడు. "ఎక్కడ మొదలుపెట్టాలన్నా?" అన్నది ఆయన ప్రశ్న. ఎపిసోడ్‌లో గబగబా చెప్పేసిన లెక్కల్ని ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం.

టికెట్ల దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. నలుగురి పాస్‌పోర్టులు, నలుగురి బతాకాలు టేబుల్ మీద పెట్టి తేదీలు చూడండి. ఫ్రాన్స్ షెంగెన్ దేశం. మన ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా కావాలి. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్ళు దాటి ఉండకూడదు, అక్కడినుంచి బయటికొచ్చే రోజు తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. అకామా కూడా తిరిగొచ్చాక మూడు నెలలైనా ఉండాలని సాధారణంగా అడుగుతారు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. పిల్లల పాస్‌పోర్టు పదేళ్ళకి కాదు, ఐదేళ్ళకే ఇస్తారు. పాస్‌పోర్టు అయిపోయే తేదీ దాటి అకామా కొట్టరు. అంటే చిన్నోడి పాస్‌పోర్టు ఒక్కటి పాతబడితే వాడి అకామా ఆగుతుంది, దాంతో నలుగురి ట్రిప్పూ ఆగుతుంది. ముందు ఆ పాస్‌పోర్టు, తర్వాత అకామా, ఆ తర్వాతే వీసా. ఈ వరస తిరగేస్తే కుదరదు.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచీ అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. కానీ ఇక్కడి ఇండియన్ స్కూళ్ళకి జూన్‌లో సెలవులిస్తే అందరూ ఒకేసారి ఎగబడతారు, అపాయింట్‌మెంట్లు దొరకవు. ఫిబ్రవరి, మార్చిలోనే చూసుకోవడం మేలు. 2024 జూన్ నుంచి ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి లేదు. అన్న ఇంటికి లెక్కేస్తే 225 యూరోలు, దగ్గరదగ్గర 80 దినార్లు. సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ దీనికి అదనం. వీసా రాకపోయినా ఈ డబ్బు వెనక్కి రాదు. పన్నెండేళ్ళలోపు పిల్లలకి వేలిముద్రలు అక్కర్లేదు. ఇన్సూరెన్స్ మనిషికి కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

బ్యాంక్ స్టేట్‌మెంట్ గురించి ఒక మాట. స్నేహితుడి దగ్గర వెయ్యి దినార్లు చేబదులు తెచ్చి, అప్లై చేసే వారం ముందు అకౌంట్లో వేస్తే ఎవరికైనా కనిపిస్తుంది. నెలనెలా జీతం పడి, కొంచెం కొంచెంగా మిగిలిన అకౌంటే నమ్మకంగా ఉంటుంది. వీసా చేతికొచ్చేదాకా వాపసివ్వని టికెట్లు కొనొద్దు. "ఆఫర్ అయిపోతుందన్నా" అంటారు. అయిపోనివ్వండి.

భార్యాపిల్లలు ఊళ్ళోనే ఉన్నవాళ్ళ సంగతి వేరు. ఎవరు ఏ దేశంలో ఉంటున్నారో అక్కడే వాళ్ళు అప్లై చేయాలి. మీరు కువైట్‌లో, వాళ్ళు ఇండియాలో. రెండు చోట్లా ఒకే తేదీలు, ఒకే హోటల్, ఒకే ప్లాను చూపించాలి. పిల్లలు అమ్మతో మాత్రమే వస్తుంటే నాన్న సమ్మతి పత్రం కూడా అడుగుతారు. దీనికి నెల అదనంగా పెట్టుకోండి.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతున్నారు. 18 నంబర్ అకామా ఉన్నవాళ్ళకి 2025 జూలై 1 నుంచి కువైట్ దాటడానికి ఎగ్జిట్ పర్మిట్ కావాలి. సహెల్ యాప్‌లో మీరు అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి. 22 మీద ఉన్న భార్యాపిల్లలకి ఇది లేదు. వాళ్ళు విమానం ఎక్కేసి మీరు ఎయిర్‌పోర్టులో నిలబడే పరిస్థితి తెచ్చుకోకండి. లీవ్ సంతకంతో పాటే ఆ మాట కూడా ముదీర్‌కి చెప్పి పెట్టండి.

పిల్లలతో వెళ్తే ఐదు దేశాల టూరు వద్దని నా అభిప్రాయం. నాలుగేళ్ళవాడికి దేశాల లెక్క పట్టదు, నిద్ర చాలక ఏడుస్తాడు. పారిస్ ఒక్కటే పెట్టుకుని, కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుని ఆరేడు రోజులు ఉండండి. లూవ్ర్ మ్యూజియంలో 18 ఏళ్ళలోపు వాళ్ళకి టికెట్ లేదు. డిస్నీల్యాండ్‌కి ఊళ్ళోంచి ఆర్‌ఈఆర్ ఏ లైన్ రైలు నేరుగా వెళ్తుంది. జూన్‌లో పొద్దు గుంకేసరికి రాత్రి పది అవుతుంది కాబట్టి మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టి సాయంత్రం టవర్ దగ్గరికి తీసుకెళ్ళొచ్చు. పైకెక్కే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

ఇక మన ఆడవాళ్ళు అడిగే ప్రశ్న: పెట్టెలో ఏం పెట్టుకోవచ్చు? యూరోపియన్ యూనియన్‌లోకి బయటినుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళనివ్వరు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు, మామిడికాయలకి కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. ఖర్జూరాలకి మాత్రం అక్కర్లేదు. బియ్యం అక్కడే దొరుకుతాయి, ఆవకాయ సీసా మాత్రం మూత గట్టిగా బిగించి పెద్ద సూట్‌కేసులో పెట్టండి, చేతి బ్యాగులో వద్దు.