వేసవి తాపము - కర్మాగార కార్మికుల సంరక్షణము

చెన్నపురి ఉత్తరభాగమున సముద్రమునకు చేరువగా రాయపురము కలదు. 1856 జులై 1వ తేదీన దక్షిణదేశపు మొదటి రైలుబండి ఇచ్చటి స్టేషను నుండియే వాలాజా రోడ్డునకు బయలుదేరినది. ఆ కట్టడము నేటికిని నిలిచియున్నది. దాని యెత్తైన స్తంభములను, విశాలమైన లోపలి భాగమును చూచినవారికి, ఉష్ణదేశమున మనుష్యులు పనిచేయుచోటు ఎట్లుండవలెనో నాటి శిల్పులు కొంత యెరుగుదురని తోచును. తరువాత లేచిన ఇనుపరేకుల షెడ్డులను గూర్చి ఆ మాట చెప్పుటకు వీలులేదు. రేవులోను, రైల్వేలోను, మిల్లులలోను, కాశిమేడు చేపలరేవులోను మన తెలుగువారనేకులు కాయకష్టముతో జీవించిన ప్రాంతమిది. కావున ఈ విషయము మన యింటి విషయమే.

మే మాసారంభమున డొల్లు కర్తరియు, దాని వెంట నిజకర్తరియు వచ్చునని మన పంచాంగములు తెలుపును. తమిళులు దీనినే కత్తిరి యందురు. అయినను ఎండ పంచాంగమునకు కట్టుబడి యుండదు. చెన్నపురిలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. అది 2003 మే 31వ తేదీన, అనగా కర్తరి వెళ్ళినదని జనులు ఊపిరి పీల్చుకొన్న పిమ్మట వచ్చినది. ఆ దినములలో మిట్టమధ్యాహ్నమునకు వీచవలసిన సముద్రపు గాలి ఆలస్యమైనచో వేడిమి మిక్కుటమగును. గాలి వచ్చినను వేరొక చిక్కు కలదు: వేడి తగ్గును గాని తేమ హెచ్చును.

ఈ తేమయే అసలు శత్రువు. మానవదేహపు ఉష్ణము ఇంచుమించు 37 డిగ్రీలు. చుట్టునున్న గాలి చర్మముకంటె వేడిగా నున్నప్పుడు దేహమునకు చెమట ఆరుట తప్ప చల్లబడు మార్గము వేరొకటి లేదు. ఒక లీటరు చెమట ఆవిరియైనచో దాదాపు 580 కిలోక్యాలరీల వేడిని కొనిపోవును. నేలపై రాలిన చెమట ఏమియు కొనిపోదు. తేమగాలిలో చెమట ధారలు కట్టుటయే గాని ఆరుట యరుదు. కావుననే "ఎంత చెమట పట్టినదో చూడుడు, ఒళ్ళు చల్లబడును" అను మాట రాయపురమున చెల్లదు.

ఈ సంగతిని శాస్త్రరీత్యా నిరూపించినవారిలో జె. ఎస్. హాల్డేన్ ముఖ్యుడు. మన దేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరుడై 1964లో భువనేశ్వరమున మరణించిన జె. బి. ఎస్. హాల్డేన్ ఈయన కుమారుడే. తండ్రి 1905లో కార్నువాల్ గనులను పరిశీలించి, గుడ్డ తడిపి చుట్టిన ఉష్ణమాపకము కదలని గాలిలో సుమారు 31 డిగ్రీలు దాటినచో దేహపు వేడి పెరుగసాగునని చూపెను. మే మాసమున మన తీరపు గాలి ఆ గీతకు కొద్ది డిగ్రీల దిగువనే యుండుట సాధారణము. దానికి బాయిలరు ఆవిరియు, రేకుల వేడియు తోడైనచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

చెన్నపురి కార్మికోద్యమమున విశ్రాంతి సమస్య తొలినాటిదే. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడుగార్ల చొరవతో, బి. పి. వాడియాగారి అధ్యక్షతన 1918 ఏప్రిలు 27న మద్రాసు లేబరు యూనియను ఏర్పడినప్పుడు, పెరంబూరు మిల్లు కార్మికుల ఫిర్యాదులలో మధ్యాహ్నపు విరామము చాలదనుట యొకటి. అది అరగంట మాత్రమే. ముప్పది యేండ్ల పిదప వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టము ఐదు గంటల పనికి పిమ్మట విధించిన కనీస విశ్రాంతియు అరగంటయే యగుట గమనింపదగినది! ఆ చట్టము గోడలకును కప్పులకును సున్నము వేయించుట, నీరు చల్లించుట, రెండవకప్పు వేయించుట వంటి పనులను ఇన్స్పెక్టరు ఆదేశింపవచ్చుననెను. వేసవిలో త్రాగునీటిని చల్లబరచు ఏర్పాటు మాత్రము 250 మందికి మించిన చోట్లనే తప్పనిసరి చేసెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన నూతన స్మృతిలో ఫ్యాక్టరీ అనిపించుకొనుటకే విద్యుచ్ఛక్తి గలచోట 20 మంది, లేనిచోట 40 మంది కార్మికులు ఉండవలెను. పూర్వము ఈ సంఖ్యలు 10, 20. చిన్న షెడ్డులోని మనిషికి ఎండ తక్కువ కాదు గదా!

చట్టము చేరని చోట చేయదగినవి స్వల్పవ్యయముతో కూడినవే. కప్పుపై తెల్లని సున్నము, ఎదురెదురు కిటికీలు, పని దగ్గరనే నీటికుండ. దాహము వేయువరకు ఆగక, పావుగంట, ఇరువది నిమిషముల కొకమారు ఒక గ్లాసు నీరు త్రాగవలెను. పూర్వులు త్రాగిన తరవాణి, అంబలి, ఉప్పువేసిన మజ్జిగ చెమటతో పోయిన ఉప్పును కొంత తిరిగి యిచ్చును. క్రొత్తగా చేరినవానికి మొదటినాడే పూర్తిపని అప్పగింపరాదు. ఎండకు దేహము అలవాటు పడుటకు ఒకటి రెండు వారములు పట్టును. మొదటిదినమున అయిదవవంతు, ఆపై దినమునకొక అయిదవవంతు హెచ్చించుట మేలని అమెరికాలోని ఆరోగ్యసంస్థ సూచించినది.

అయితే ముక్కకూలివాడు నీడకు పోయి కూర్చుండిన నిమిషములకు కూలి ఎవరిత్తురు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకనిచోట కుండలోని నీరు కుండలోనే యుండును. విరామమునకును కూలి లెక్కకట్టుటయే దీనికి మందు.

వడదెబ్బ గుర్తులు తోటివారందరును ఎరిగియుండవలెను. తలనొప్పి, కండరముల నొప్పులు, విపరీతమైన చెమట, తల తిరుగుట మొదటి దశ. నీడయు, నీరును, విశ్రాంతియు చాలును. మాట తడబడి, మతి తప్పి, ఒళ్ళు కాలుచున్నచో అది ప్రాణాపాయము. అట్టివానికి చెమట పట్టుచుండినను మోసపోరాదు. వెంటనే 108కు ఫోను చేసి, అంబులెన్సు వచ్చులోపల బట్టలు వదులుచేసి, ఒడలెల్ల చల్లని నీరు పోయుచు విసరవలెను. కాశిమేడున మంచుగడ్డలకు కొదువ లేదు. గుడ్డలో చుట్టి మెడపైని, చంకలలోను ఉంచవచ్చును. తెలివి తప్పినవాని నోట మాత్రము నీరు పోయరాదు.