అసెంబ్లర్ ప్రోగ్రాముకు వేగం ఎక్కడ పోతుంది?

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సిస్టమ్/360ని ప్రకటించింది. ఆనాటి చిన్న మోడళ్ల మీద అసెంబ్లర్ రాసేవారికి వేగం కూడిక లెక్కే. ఏ ఇన్‌స్ట్రక్షన్‌కు ఎంత సమయమో మాన్యువల్ పట్టికలో చూసుకుని కూడితే, ప్రోగ్రాముకు పట్టే సమయం దాదాపుగా తేలేది. ఒక ఇన్‌స్ట్రక్షన్ తగ్గితే అంత మేరకు లాభం. ఆ లెక్క నేటి మెయిన్‌ఫ్రేముకు సరిపోదు.

మొదటి కారణం క్యాష్ మెమరీ. ఆవాలు, జీలకర్ర డబ్బాల నిండా అటక మీద ఉన్నా, రోజూ వాడేవి పొయ్యి పక్కన పోపుల పెట్టెలో ఉంచుకుంటాం. క్యాష్ అలాంటి పెట్టె. వాణిజ్య కంప్యూటర్లలో ఇది మొదట 1968లో ప్రకటించిన సిస్టమ్/360 మోడల్ 85తో వచ్చింది. 2017 నాటి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ జడ్14 వేగం 5.2 గిగాహెర్ట్జ్, ఒక సైకిల్ అంటే నానోసెకనులో ఐదో వంతు. దగ్గరి క్యాష్ నుంచి డేటా కొద్ది సైకిళ్లలో అందుతుంది. ప్రధాన మెమరీ దాకా వెళ్లాల్సి వస్తే వందల సైకిళ్లు పోతాయి. అడిగింది ఒక్క బైటే అయినా క్యాష్‌లోకి 256 బైట్ల వరుస మొత్తం వస్తుంది.

రెండోది పైప్‌లైన్. పెళ్లి పంక్తిలో ఒకరు అన్నం, వెనకే మరొకరు పప్పు, ఆ వెనక ఇంకొకరు సాంబారు వడ్డిస్తూ సాగుతారు. ఇన్‌స్ట్రక్షన్లూ అలాగే ఒక్కో దశ దాటుతూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. మెమరీ నుంచి రిజిస్టరులోకి తెచ్చిన విలువను మరుసటి ఇన్‌స్ట్రక్షనే చిరునామాగా వాడితే, ఆ విలువ అందేదాకా అది ఆగాలి. దీన్నే అడ్రస్ జనరేషన్ ఇంటర్‌లాక్ అంటారు. ఆ రెండు ఇన్‌స్ట్రక్షన్ల మధ్య, వాటితో సంబంధం లేని పనులు పెడితే ఆ ఖాళీ నిండుతుంది. 2010 నాటి జడ్196 నుంచి ప్రాసెసరే ఇన్‌స్ట్రక్షన్ల క్రమం మార్చుకుని ఇలాంటి ఖాళీలను చాలావరకు నింపుకుంటోంది.

అసలు చిక్కు కోడ్, డేటా కలిసిపోయిన చోట ఉంది. బ్రాంచి పక్కనే కౌంటరు, సబ్‌రొటీన్ చివరే రిజిస్టర్ల విలువలు దాచే సేవ్ ఏరియా పెట్టడం పాత అలవాటు. మొదటిసారి మాత్రమే చేయాల్సిన పని కోసం, ఒక బైటు రాసే ఎంవీఐతో, ఏమీ చేయని నో-ఆప్‌ను బ్రాంచిగా మార్చడమూ ఉండేది. ఇప్పుడు ఇన్‌స్ట్రక్షన్లకు ఒక క్యాష్, డేటాకు మరొకటి. ప్రోగ్రాము తన కోడ్‌ను తానే మార్చుకుంటే ఆ మార్పు వెంటనే అమలు కావాలన్నది ఈ ఆర్కిటెక్చర్ ఇచ్చిన మాట. అందుకే కోడ్ ఉన్న క్యాష్ వరుసలో ఏది రాసినా, అది ఉత్త కౌంటరే అయినా, ప్రాసెసర్ ముందుగా తెచ్చుకున్న ఇన్‌స్ట్రక్షన్లను వదిలేసి మళ్లీ తెచ్చుకోవాల్సి వస్తుంది. లూపులో ఇది జరిగితే ప్రతి చుట్టులోనూ అదే నష్టం.

మందు సులువైనదే. మారే డేటాను గెట్‌మెయిన్ మ్యాక్రోతో అడిగి తెచ్చుకున్న స్టోరేజిలోకి తరలించాలి. లేదా ఎల్‌ఓసీటీఆర్ అనే అసెంబ్లర్ ఆదేశం వాడి కోడ్‌కు దూరంగా, వేరే క్యాష్ వరుసల్లో పడేలా చూడాలి. స్విచ్‌ను డేటాలో ఒక బైటుగా ఉంచి, బిట్లను చూసే టీఎం ఇన్‌స్ట్రక్షన్‌తో పరీక్షించాలి. ఇన్‌స్ట్రక్షన్ ఒకటి పెరుగుతుంది, ప్రోగ్రాము మాత్రం వేగం అందుకుంటుంది.

దశాబ్దాల నాటి ప్రోగ్రాములు నేటికీ నడుస్తున్నాయంటే ఆర్కిటెక్చర్ తన మాట నిలబెట్టుకోవడం వల్లే. వాటిని వేగవంతం చేయాలనుకునేవారు ఇన్‌స్ట్రక్షన్లు లెక్కపెట్టే ముందు లిస్టింగ్ తెరిచి, మెమరీలో రాసే ప్రతి ఎస్‌టీ, ఎంవీఐ, ఎంవీసీ ఏ చిరునామాలో రాస్తోందో, దానికి అతి దగ్గరి కోడ్ ఎంత దూరంలో ఉందో గుర్తు పెట్టుకోవాలి.