సౌష్ఠవం: మార్పులో మారనిది

మసీదు గోడ మీది నగిషీని చూచినవారు దాని అందాన్ని మెచ్చుకుంటారు. ఆ అందానికి మూలమేమిటని అడిగితే, "రెండు వైపులా సమానంగా ఉంది" అంటారు. ఈ జవాబు తప్పు కాదు, కాని చాలదు. ఒక ఆకృతిని కదిపిన తరువాత కూడా అది మునుపటి వలెనే కనిపిస్తే, ఆ కదలికను గణితంలో దాని సౌష్ఠవమంటారు.

1591లో కట్టిన చార్మినార్‌నే చూడవచ్చును. పై అంతస్తులో పడమటి దిక్కున ఉన్న మసీదును మినహాయిస్తే, ఏ దిక్కు నుండి చూచినా అదే కమాను, అవే మినార్లు. దాని పునాదికి ఆధారం చతురస్రం. చతురస్రాన్ని 90 డిగ్రీల చొప్పున తిప్పినా, నాలుగు అక్షాలలో దేని మీదుగా తిరగవేసినా మార్పు తెలియదు. కదపకుండా ఉంచడాన్ని కూడా లెక్కిస్తే ఇటువంటివి మొత్తం 8. వీటిలో ఏ రెండింటిని వరుసగా జరిపినా ఫలితం ఆ ఎనిమిదింటిలోనే ఒకటి. ఇట్టి కుటుంబానికి 'సమూహం' అని పేరు.

ఒకే నమూనా గోడ నిండా పునరావృతమయ్యే చోట ప్రకృతిలోనూ, కళలోనూ ఒక కట్టుబాటు ఉంది. తేనెపట్టులోని షడ్భుజి కోణం 120 డిగ్రీలు. మూడు చేరితే 360, సందు మిగలదు. క్రమ పంచభుజి కోణం 108. మూడు చేరితే 36 డిగ్రీల ఖాళీ మిగులుతుంది, నాలుగవది పట్టదు. సముద్రనక్షత్రానికి ఐదు చేతులుండవచ్చును, ఎందుకంటే అది ఒంటరి ఆకృతి. పునరావృతమయ్యే నమూనాను తిప్పితే మాత్రం ఒక చుట్టులో అది 2, 3, 4 లేక 6 సార్లే తనతో తాను సరిపోగలదు. ఇటువంటి నమూనాలు 17 రకాలేనని రష్యా శాస్త్రవేత్త ఫెదొరోవ్ 1891లో నిరూపించాడు.

గ్రెనడాలోని అల్‌హంబ్రా గోడలపై ఈ 17 రకాలూ ఉన్నాయని కొందరు, లేవని కొందరు వాదించారు. దీనిని పట్టుకొని, ముస్లిములు సమూహ సిద్ధాంతాన్ని ముందే కనుగొన్నారని చెప్పేవారున్నారు. ఈ వాదన నిలువదు. పదిహేడు రకాలు చెక్కడం వేరు. పద్దెనిమిదవది అసాధ్యమని నిరూపించడం వేరు.

అయినంత మాత్రాన ఆ పనివారి ఘనత తగ్గదు. 10వ శతాబ్దిలో గణితవేత్త అబుల్ వఫా బూజ్జానీ పనివారికి అవసరమైన జ్యామితి నిర్మాణాలపై ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించాడు. ఇస్ఫహాన్‌లో 1453 నాటి దర్బె ఇమామ్ మందిరంపై, క్రమబద్ధంగా ఉంటూనే పునరావృతం కాని పదిమడతల అమరికకు చాలా దగ్గరైన నగిషీ ఉన్నదని 2007లో లూ, స్టెయిన్‌హార్ట్ అనే పరిశోధకులు చూపించారు. ఈ జాతికి చెందిన అమరికనే 1982లో షెక్ట్‌మన్ ఒక లోహమిశ్రమంలో గమనించినప్పుడు పలువురు శాస్త్రవేత్తలు నమ్మలేదు. 2011లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. పాత నియమం తప్పు కాలేదు. అది పునరావృతమయ్యే నమూనాలకే వర్తిస్తుందని తేటపడింది.

సృష్టిని చూచి యోచించమని ఖుర్ఆన్ మానవులను పదే పదే పిలుస్తుంది. చూచి గర్వించడంతో ఆ పని పూర్తి కాదు. పూర్వికులు చేయనిదానిని వారికి అంటగడితే, వారు నిజంగా చేసినది మరుగున పడిపోతుంది. మదరసాలోనైనా, పాఠశాలలోనైనా ఒక విద్యార్థి వృత్తలేఖిని, కొలబద్ద పట్టుకొని అటువంటి నగిషీనొకదానిని స్వయంగా గీసి, దాని సౌష్ఠవాలను లెక్కించగలిగితే, ఆ పనివారికి అంతకు మించిన గౌరవం ఉండదు.