కనబడని పేర్లు



మా యూరి సహకార సంఘపు లెక్కలు కంప్యూటరులోనికి ఎక్కించిన కొత్తలో జరిగిన సంగతి యొకటి మనవి చేసెదను. మేము వాడినది మైక్రోసాఫ్ట్ యాక్సెస్. అది తొలుత 1992లో వెలువడినది. అందు సభ్యుల పట్టిక యొకటి, చెల్లింపుల పట్టిక వేరొకటి. రెంటిని కలిపి మనకు వలసిన వివరము నడుగుటకు క్వెరీ యని పేరు.

వడ్డీ రాయితీకై బాకీదారుల జాబితా పంపవలసి వచ్చెను. జాబితా తీసి గోడకు అంటించితిని. మరునాడే యొక ముసలమ్మ మనుమనిచే దానిని చదివించుకొని, "నా పేరేది, నాయనా?" అని యడిగెను. ఫారము తెరచితిని. అదియు ఆ క్వెరీ మీదనే యాధారపడినది గనుక అందును ఆమె లేదు. సభ్యుల పట్టికలో మాత్రము పేరు చెక్కుచెదరక యున్నది!

కారణమిది. రెండు పట్టికలను కలిపినపుడు, రెంటను జత కుదిరిన వరుసలనే యాక్సెస్ మామూలుగా చూపును. ఆమె యొక్క కాసైనను చెల్లింపలేకపోయెను. చెల్లింపుల పట్టికలో ఆమెకు వరుసయే లేదు. రాయితీ యెవరికి మిక్కిలి యవసరమో వారే జారిపోయిరి.

క్వెరీ డిజైనులో రెండు పట్టికల నడుమ నుండు గీతపై మౌసుతో వెంటవెంటనే రెండుమారులు నొక్కిన మూడు మార్గములు కనబడును. సభ్యులందరిని చూపుమను దానిని ఎన్నుకొనవలెను. గీతకు బాణపు మొన వచ్చును. ఏమియు చెల్లింపనివారే కావలెనన్న, చెల్లింపుల పట్టికలోని సభ్యుని సంఖ్య క్రింద షరతుగా ఇంగ్లీషున 'ఈజ్ నల్' అని వ్రాయవలెను. సున్న వ్రాసిన లాభము లేదు. ఖాళీ గడి వేరు, సున్న వేరు. మన పాత కరణములకు ఇది తెలియనిది కాదు. నడుమ నేదో విలువ నిమ్మని పెట్టె యొకటి యెదురైన బెదరవలదు; తరచుగా అది గడి పేరులో అక్షరము తప్పినందుననే వచ్చును.

ఆ సాయంకాలమే పాత జాబితా చించి కొత్తది అంటించితిమి. ముసలమ్మ పేరు అందు పదునేడవది.