ఒక్క చోటు.. ఇద్దరు మొనగాళ్లు

కాలేజీ జట్టులో పేరుండటం వేరు, ఆట మొదలయ్యేటప్పుడు బరిలో ఉండటం వేరు. కండ్లకోయలో ఏ ఇంజినీరింగ్ కాలేజీ కబడ్డీ కుర్రాడిని కదిపినా ఈ తేడా తెలిసిపోతుంది. జట్టుకు పన్నెండు మంది. మ్యాట్ మీదకు దిగేది ఏడుగురే. ఆ ఏడుగురిలోనూ ఎదుటి పక్షంలోకి ముందుగా కూతకు వెళ్లేది ఒక్కడు. ఆ ఒక్కడు ఎవరన్నదే సెలక్షన్ల రోజుల్లో హాస్టల్ గదుల్లో అర్ధరాత్రి దాటినా తెగని ముచ్చట. పీడీ సారు ఎవరివైపు చూస్తున్నారు, ఎవరి మడమ నొప్పి ఇంకా తగ్గలేదు, పోయినేడు జోనల్ మ్యాచ్‌లో ఎవరు దొరికిపోయారు.. అన్నీ లెక్కలోకి వస్తాయి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, 44వ నంబరు జాతీయ రహదారి కలిసేచోట ఉన్న ఊరిది. రోడ్డు పక్కనే సీఎంఆర్ కాలేజీలు, కాస్త ముందుకెళితే పొద్దున్నే పరుగులు తీసేవాళ్లతో నిండే ఆక్సిజన్ పార్కు. అటు శామీర్‌పేట వైపు వెళితే హకీంపేటలో 1993 నుంచి నడుస్తున్న క్రీడా పాఠశాల. చదువు కోసం వచ్చిన పిల్లలూ, ఆట కోసం వచ్చిన పిల్లలూ ఇంత దగ్గర దగ్గరగా ఉండే తావులు మన దగ్గర అరుదు. ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే: చోటు ఒక్కటై, దానికి తగినవాళ్లు ఇద్దరైతే ఏం చేయాలి?

గెలిచినవాడి గురించి అందరూ రాస్తారు. ఈ కథనం రెండోవాడి గురించి. ఏ జట్టయినా రెండోవాడిని ఎలా చూసుకుంటుందన్నదాన్ని బట్టే అది ఎంత దూరం వెళ్తుందో చెప్పొచ్చన్నది నా నమ్మకం.

ఎనభై వేల మంది ముందు పోటీ

ఈ పోటీ అన్నిటికంటే పెద్ద ఎత్తున జరిగేది అమెరికా కాలేజీల ఫుట్‌బాల్‌లో. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు ఆకురాలు కాలం రాగానే ప్రతి శనివారం యూనివర్సిటీ రంగు చొక్కాలు తొడుక్కుని స్టేడియంకు ఎందుకు వెళ్తారో ఇక్కడి అమ్మానాన్నలకు అర్థం కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, పక్షానికి పదకొండు మంది, పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు. దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ బంతిని చేతికి అందిస్తే దాన్ని పొట్టకు హత్తుకుని, మీదపడే భారీకాయుల మధ్య సందు వెతుక్కుంటూ దూసుకెళ్లేవాడు రన్నింగ్ బ్యాక్. కబడ్డీ తెలిసినవాడికి ఆ పని వెంటనే అర్థమవుతుంది. చుట్టూ పట్టుకోవడానికి చేతులు, మధ్యలో ఒక్కడు. రైడర్ తిరిగి రావాలి, రన్నింగ్ బ్యాక్ ముందుకే పోవాలి. అంతే తేడా.

పెద్ద యూనివర్సిటీల జట్లలో వందమందికి పైగా ఉంటారు. 2025 నుంచి ఆ సంఖ్యకు 105 అని హద్దు పెట్టారు. ఒక్క రన్నింగ్ బ్యాక్ స్థానానికే నలుగురైదుగురు కాచుకుని ఉంటారు. ఎవరు మొదట, ఎవరు తర్వాత అన్న వరసను డెప్త్ చార్ట్ అంటారు. ఆగస్టు శిక్షణ శిబిరాల్లో ఆ చార్టు మీద పేర్లు పైకీ కిందికీ కదులుతుంటే రాష్ట్రాలకు రాష్ట్రాలే చర్చించుకుంటాయి.

ఆ చార్టు మీద రెండో పేరుగా ఉన్నవాళ్లలో బ్యారీ శాండర్స్‌ను మించినవాడు లేడు. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా కుర్రాడు. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. హైస్కూల్లో చివరి ఏడాది సీజన్ కొంత గడిచేదాకా అతనికి ఆ స్థానం దక్కనే లేదు. పొట్టివాడని పెద్ద యూనివర్సిటీలు చాలావరకు పట్టించుకోలేదు. ఓక్లహోమా స్టేట్ పిలిచింది. తీరా వెళితే అక్కడ థర్మన్ థామస్ ఉన్నాడు. అప్పటికే దేశమంతా పేరున్నవాడు. 1986, 1987.. రెండు సీజన్లు శాండర్స్ అతని వెనకే నిలబడ్డాడు.

ఆ రెండేళ్లలో జట్టు అతన్ని ఊరికే కూర్చోబెట్టలేదు. అవతలి పక్షం తన్నిన బంతిని అందుకుని వెనక్కి పరుగెత్తుకొచ్చే పని అప్పగించింది. మామూలుగా చూస్తే చిన్న పని. కానీ అందులో మైదానమంతా ఖాళీగా కనిపిస్తుంది, పదకొండు మంది ఒక్కసారిగా మీదికి వస్తారు. సందు వెతకడం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. 1987లో ఆ పనిలో సగటున దేశంలోనే మొదటివాడు శాండర్స్. థామస్ చదువు ముగించుకుని ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు వెళ్లిపోయాక 1988లో స్థానం ఖాళీ అయింది. 11 ఆటల్లో 2,628 గజాలు, బంతితో చివరి గీత దాటిన టచ్‌డౌన్లు 37. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఆ ఏడాది అతనిదే. విశేషమేమంటే ముందున్న థామస్, వెనకున్న శాండర్స్ ఇద్దరూ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు. ఒకే కాలేజీ, ఒకే స్థానం, రెండేళ్లు కలిసి సాధన!

అలబామాలో డెరిక్ హెన్రీ కూడా రెండేళ్లు టి.జె. యెల్డన్ తర్వాతి వరసలో ఉండి, 2015లో 2,219 గజాలు పరుగెత్తి అదే ట్రోఫీ గెలిచాడు. అబర్న్‌లో 2004లో కార్నెల్ విలియమ్స్, రోనీ బ్రౌన్ చోటును పంచుకున్నారు. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ జట్ల ఎంపికలో బ్రౌన్ రెండోవాడిగా, విలియమ్స్ ఐదోవాడిగా వెళ్లారు. పంచుకుంటే విలువ తగ్గుతుందనుకునే వాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు అక్కడ ఓపిక కరువైంది. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవడానికి అనుమతి దొరికింది. అదే ఏడాది నుంచి ఒకసారి కాలేజీ మారినా ఏడాదిపాటు ఆటకు దూరంగా ఉండాల్సిన పని లేకుండా పోయింది. చార్టులో రెండో పేరు పడితే చాలు, సీజన్ ముగిసేసరికి ఇంకో యూనివర్సిటీ చూసుకుంటున్నారు. దీన్ని నేను తప్పుపట్టను. కుర్రాడి కాళ్లకు ఉండేది నాలుగైదేళ్ల ఆయుష్షు. కాలేజీలు కోట్ల డాలర్లు గడిస్తూ ఆటగాడిని మాత్రం కట్టేసి ఉంచడం న్యాయం కాదు. అయినా ఒక మాట: కొత్త చోటికి వెళ్లినంత మాత్రాన పోటీ తప్పదు, అక్కడా ఇంకొకడు ఉంటాడు.

రహీం సాబ్ లెక్క

అంత దూరం ఎందుకు, ఈ చిక్కుముడిని అందరికంటే అందంగా విప్పిన మనిషి మన హైదరాబాద్‌వాడే. కాలితో ఆడే మన ఫుట్‌బాల్‌కు కోచ్, సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిపించాడు. భారత జట్టుకు 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చలవే. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమాతో కొత్త తరానికీ ఆయన పేరు తెలిసింది.

కండ్లకోయ నుంచి సికింద్రాబాద్ వైపు వస్తే కంటోన్మెంటు ప్రాంతంలో అమ్ముగూడ తగులుతుంది. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు. తమిళ మూలాలున్న పేద కుటుంబం. ఆ కుర్రాడి ఆటను చూసి హైదరాబాద్ జట్టులోకి తెచ్చింది రహీమే. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ నాటికి బలరాంకు ఇరవై ఏళ్లు. ఆ తర్వాత కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అదే కాలంలో ఎదుటి మోహన్ బగాన్‌లో చునీ గోస్వామి వెలిగిపోతున్నాడు.

ఇద్దరికీ అచ్చొచ్చిన చోటు ఒక్కటే, ఇన్‌సైడ్ లెఫ్ట్. క్లబ్బుల్లో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు, ఎవరి జట్టు వారిది. భారత జట్టుకు వచ్చేసరికి ఎవరో ఒకరు పక్కకు జరగాలి. కలకత్తాలో అభిమానులు రెండు శిబిరాలైన రోజులవి. ఒకరిని ఆడించి మరొకరిని కూర్చోబెడితే సగం నగరం కోచ్ మీద విరుచుకుపడేది. రహీం అలాంటి ఎంపిక చేయనే లేదు. చునీని ఇన్‌సైడ్ లెఫ్ట్‌లో ఉంచి బలరాంను ఎడమ అంచుకు జరిపాడు. కుడి అంచున పి.కె. బెనర్జీ. ఒక్క చోటు కోసం పోటీపడాల్సిన ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకరికొకరు బంతి అందించుకున్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు, హంగరీ మీద ఒకటీ పెరూ మీద ఒకటీ, బలరాంవే. తనది కాని చోటు నుంచి!

ఇది ఒక్కరాత్రిలో అయ్యే పని కాదు. హైదరాబాద్‌లో రహీం కుర్రాళ్ల కోసం చిత్రమైన పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. మరోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. రెండు కాళ్లూ పనిచేసేవాడిని ఏ అంచునైనా నిలబెట్టొచ్చు. చోటు కోసం తగువు వచ్చినప్పుడు దారి వెతకడం కాదు, తగువు రాకముందే ఆటగాడికి రెండో చోటు నేర్పడం ఆయన పద్ధతి.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఆ పద్ధతికి అగ్నిపరీక్ష ఎదురైంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. థాయిలాండ్ మీద గెలిచినా డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఆట మధ్యలో మనిషిని మార్చే వెసులుబాటు ప్రపంచ కప్‌లో సైతం 1970 దాకా రాలేదు. కాబట్టి పదకొండు పేర్లు రాశాక ఇక దిద్దుకోవడానికి ఉండదు. గాయంతో ఉన్నవాడిని రహీం ఇంటికి పంపలేదు, రక్షణలోనూ నిలబెట్టలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు ఒక గోల్ జర్నైల్‌ది.

ఇక గోల్‌కీపర్ సంగతి. సెమీఫైనల్లో గోల్ కాపాడినవాడు ప్రద్యుత్ బర్మన్. గెలిచిన జట్టును కదపకూడదన్నది అన్ని ఆటల్లోనూ ఉన్న మాట. పక్కన పీటర్ తంగరాజ్ ఉన్నాడు. హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి, సైన్యంలో చేరాక గోల్‌కీపర్‌గా మారిన పొడగరి. గాల్లో వచ్చే బంతిని అందుకోవడంలో ఆసియాలోనే అతనికి సాటి తక్కువ. ఫైనల్లో ఎదురు మళ్లీ అదే దక్షిణ కొరియా. సెనయన్ స్టేడియంలో లక్షమంది, వాళ్లలో అత్యధికులు భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్లు. రహీం తంగరాజ్‌ను దించాడు.

బర్మన్‌కు ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో ఆడినవాళ్లు ఊహించగలరు. తప్పేమీ చేయకుండా తప్పుకోవడం ఆటలో అన్నిటికన్నా కష్టం. సెప్టెంబరు 4న పి.కె. 17వ నిమిషంలో, జర్నైల్ 20వ నిమిషంలో గోల్స్ కొట్టారు. కొరియా చివర్లో ఒక్కటి తిరిగిచ్చింది. 2-1. బంగారు పతకం తంగరాజ్‌కు ఎంతో బర్మన్‌కూ అంతే. అతని సెమీఫైనల్ లేకపోతే ఫైనల్ ఎక్కడిది? అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి ఏడాది జూన్ 11న కన్నుమూశారు. అనారోగ్యంతో బలరాం కూడా 1963లోనే ఆట మానేశారు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయారు. ఆయన పేరుతో అమ్ముగూడలో ఒక మైదానం ఉండాలని అడగడానికి ఫుట్‌బాల్ పిచ్చి ఉండాల్సిన పని లేదు.

మన గ్రౌండులో..

హకీంపేట పాఠశాలలో చేరడానికి నాలుగో తరగతి స్థాయిలోనే పరీక్షలు. 30 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, షటిల్ రన్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు. స్టాప్‌వాచీ, టేపు చెప్పిన లెక్క అందరికీ కనిపిస్తుంది, కాబట్టి ఓడినవాడికి ఎందుకు ఓడాడో తెలుస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీలకు వచ్చేసరికి ఈ స్పష్టతే కరువవుతుంది. ఒకటి రెండు రోజుల సెలక్షన్లు, నోటీసు బోర్డు మీద కాగితం, జేఎన్‌టీయూ అంతర కళాశాలల టోర్నీ, అక్కడ మెరిసినవాళ్లకు యూనివర్సిటీ జట్టు, ఆపైన సౌత్ జోన్. పేరు లేనివాడు మర్నాటి నుంచి గ్రౌండుకే రాడు. ల్యాబులు, ఇంటర్నల్స్, ప్లేస్‌మెంట్ క్లాసులు ఎలాగూ లాగుతుంటాయి.

అతను రాకపోతే నష్టం అతనికే కాదు. ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్‌నే చూడండి. 2023లో 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి పవన్ సెహ్రావత్‌ను కొన్నారు. మరుసటి సీజన్ మధ్యలో అతను గాయపడ్డాడు. అప్పుడు కూతకు వెళ్లి జట్టును నిలబెట్టింది విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్. 2025లో విజయ్ కెప్టెనయ్యాడు, జట్టు ప్లేఆఫ్స్‌కు చేరింది. వేలంలో పెద్ద ధర పలకనివాడు సాధనలో ఏం చేస్తున్నాడో చూసేవాళ్లు ఉండబట్టే ఇది జరిగింది.

కండ్లకోయలో పక్కపక్కనే ఇన్ని కాలేజీలున్నాయి. నెలకొకసారి రెండో జట్ల మధ్యే మ్యాచ్‌లు పెట్టుకోవడానికి ఖర్చేమీ కాదు, బస్సు కూడా అక్కర్లేదు. బోర్డు మీద పేర్లతోపాటు పరుగు సమయాలు, సాధన మ్యాచ్‌ల్లో తెచ్చిన పాయింట్లు రాస్తే పీడీ సారు మీద పక్షపాతం నింద పడదు. రైడర్‌కు యాంకిల్ హోల్డ్, కార్నర్ డిఫెండర్‌కు బోనస్ గీత దాటడం నేర్పితే పన్నెండు మందిలో ఎవరూ మిగులు కారు. పేరు తప్పిన కుర్రాడిని పిలిచి ఏం లోటు కనిపించిందో, మళ్లీ ఎప్పుడు చూస్తారో చెప్పడానికి పది నిమిషాలు చాలు. వచ్చే టోర్నీకి సెలక్షన్లు పెట్టే ప్రతి కాలేజీ ఆ పది నిమిషాలను టైంటేబుల్లోనే రాసి పెట్టాలి.