వాలు కప్పు మీద కొలతలు: క్యాడ్‌లో యూసీఎస్

ఆటోక్యాడ్‌లో ప్రతి బిందువు చిరునామా మూడు అంకెలు: ఎక్స్, వై, జెడ్. వీటికి ఆధారం ఎప్పటికీ కదలని వరల్డ్ కోఆర్డినేట్ సిస్టమ్. నేల ప్లాను గీసినంతసేపూ దీనితో ఏ పేచీ లేదు. వాలు తలం మీద గీయాల్సి వచ్చినప్పుడే తిప్పలు మొదలవుతాయి.

30 డిగ్రీల వాలున్న ఇంటి కప్పుకు, చూరు నుంచి వాలు వెంబడి 2000 మిల్లీమీటర్ల పైన వెలుతురు కిటికీ పెట్టాలనుకుందాం. వరల్డ్ అక్షాల్లో ఆ చోటు చెప్పాలంటే అడ్డంగా 1732, ఎత్తు 1000 అని లెక్కగట్టాలి. నాలుగు మూలలకూ ఇదే తంతు. అక్షాలనే కప్పు మీదికి తెచ్చుకుంటే 2000 అని కొడితే సరిపోతుంది. ఇలా గీసేవారు తమ వీలుకొద్దీ మార్చుకునే అక్షాలే యూజర్ కోఆర్డినేట్ సిస్టమ్, అంటే యూసీఎస్. 1988లో వచ్చిన రిలీజ్ 10తో ఇది ఆటోక్యాడ్‌లో చేరింది.

అమర్చడానికి మూడు క్లిక్కులు చాలు. యూసీఎస్ కమాండ్ ఇచ్చి చూరు మూలన మొదటి క్లిక్ చేస్తే అది సున్నా అవుతుంది. చూరు వెంబడి రెండోది ఎక్స్ దిశ, వాలు మీద పైకి మూడోది వై వైపు. జెడ్ దానంతటదే కప్పుకు లంబంగా నిలుస్తుంది. కుడిచేతి బొటనవేలు ఎక్స్, చూపుడువేలు వై అనుకుంటే, అరచేతి ముందుకు మడిచిన మధ్యవేలు జెడ్. ఇక గీసిన దీర్ఘచతురస్రం కప్పుకు అంటుకునే వస్తుంది. ప్లాన్ కమాండ్ ఇస్తే కప్పు ఎదురుగా పరిచినట్టు కనిపిస్తుంది. ఘనాకృతి ముఖం మీద ఒక్క గీతే గీయాలంటే ఎఫ్6తో డైనమిక్ యూసీఎస్‌ను ఆన్ చేసుకోవచ్చు. కమాండ్ ముగియగానే అక్షాలు పాత చోటికి పోతాయి. ఉత్తరానికి ఏటవాలుగా ఉన్న స్థలంలో ఇల్లు గీసేటప్పుడు జెడ్ చుట్టూ తిప్పిన యూసీఎస్ ఎంతో మేలు; ఆర్థో గీతలు (అక్షాల దిశల్లోనే సాగేవి) కూడా ఆ హద్దుల వెంటే నడుస్తాయి.

అయితే గీసినవాటి కొసలను, మూలలను పట్టుకునే ఆబ్జెక్ట్ స్నాప్ యూసీఎస్ తలాన్ని లెక్కచేయదు. పైనుంచి చూస్తే సరిగానే ఉన్న గీత కొస, నిజానికి వేరే ఎత్తులోని మూలను పట్టుకుని ఉండవచ్చు.

మరో క్యాడ్ సాఫ్ట్‌వేర్ రైనోలో ఇలాంటి తలాన్ని సీప్లేన్ అంటారు. ఫ్యూజన్ అనే సాఫ్ట్‌వేర్‌లోని కన్‌స్ట్రక్షన్ ప్లేన్ తీరు వేరు. అది మోడల్‌లోనే భాగం; దాని దూరం మారిస్తే దానిపై గీసిన స్కెచ్ కూడా వెంట కదులుతుంది. యూసీఎస్ మార్చినా గీసినవి మాత్రం కదలవు, వాటి కొలతలు చదివే తీరే మారుతుంది.

ఆఖరి యూసీఎస్ ఫైలుతోపాటే సేవ్ అవుతుంది. అందుకే డ్రాయింగ్ మరొకరికి పంపేముందు యూసీఎస్ అని కొట్టి, రెండుసార్లు ఎంటర్ నొక్కి వరల్డ్‌కు తిరిగి రావాలి.